పాత కంప్యూటర్ నుంచి కొత్తదానికి ఫైళ్లు: కేబులా, డిస్కా, క్లౌడా?

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్ ప్రాసెసరైతే దాదాపుగా ఎనిమిదో తరమో ఆ పైదో అయ్యుండాలి. అందుకే పాత కంప్యూటర్ బాగానే పనిచేస్తున్నా పక్కన పెట్టి కొత్తది తెచ్చుకోవాల్సి వస్తోంది. కొత్తది బల్ల మీదకి వచ్చాక అసలు పని మొదలవుతుంది. పెళ్లి వీడియోలు, పిల్లల ఫొటోలు, పొలం కాగితాల స్కాన్లు, ట్యాలీ లెక్కలు అన్నీ పాతదాంట్లోనే ఉన్నాయి, వాటిని ఇటు తేవాలి.

తేవడానికి దారులు చాలానే ఉన్నాయి: ఎక్స్‌టర్నల్ డిస్క్, పాత డిస్క్‌నే ఊడదీసి తగిలించడం, ల్యాన్ కేబుల్, వైఫై, పెన్‌డ్రైవ్, క్లౌడ్. ఏది తొందరగా అవుతుందా అని చూసి ఎంచుకునేవాళ్లే ఎక్కువ. అది రెండో ప్రశ్న. మొదటిది: పాత డిస్క్ ఇంకా ఎన్ని గంటలు ఆగకుండా చదవనిస్తుంది? ఏడెనిమిదేళ్లుగా రోజుకి పది ఫైళ్లు మాత్రమే తెరిచిన డిస్క్‌ని ఒక్కసారిగా మూడొందల జీబీ చదవమంటున్నారు. కొన్ని డిస్కులు ఆ రోజే మొరాయిస్తాయి.

ముందు డిస్క్ నాడి చూడండి

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. దాని పోర్టబుల్ వెర్షన్‌ని, అంటే ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచేదాన్ని, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పాత కంప్యూటర్‌లో నడపండి. అనుమానం ఉన్న డిస్క్ మీద కొత్తగా ఏదీ ఇన్‌స్టాల్ చేయకూడదు. నీలం రంగు వస్తే ఫరవాలేదు. పసుపు వస్తే కింద పట్టికలో 05, సీ5, సీ6 అనే మూడు వరసలు చూడండి. 05 అంటే పాడైపోయి, వేరే చోటికి మార్చేసిన సెక్టర్లు (డిస్క్‌లో డేటా రాసుకునే చిన్న గడులు). సీ5 అంటే చదవలేక ప్రస్తుతానికి పక్కన పెట్టినవి. సీ6 అంటే ఎలాగూ చదవలేమని తేలినవి. కుడివైపు చివరి గడిలో అన్నీ సున్నాలుండాలి. ఆ గడిలో అంకెలు మామూలుగా హెక్సాడెసిమల్‌లో ఉంటాయి, అంటే అక్కడ 10 కనిపిస్తే అది పది కాదు, పదహారు.

05లో చిన్న అంకె ఉండి ఏళ్లుగా కదలకుండా ఉంటే కంగారు అక్కర్లేదు. సీ5 సున్నా కాకపోతే మాత్రం ఆ డిస్క్‌కి మీరు పెట్టే ప్రతి అదనపు పనీ భారమే. వైరస్ స్కాన్, డీఫ్రాగ్, చెక్‌డిస్క్ ఏవీ వద్దు. మళ్లీ దొరకనివి ముందు తీసుకోండి: ఫొటోలు, స్కాన్లు, లెక్కలు. సినిమాలు ఆఖరికి. డిస్క్ టక్ టక్ మని లయగా కొట్టుకుంటోందంటే కరెంటు తీసేయండి, ఆ పైన డేటా రికవరీ వాళ్లదే పని. ఫ్రిజ్‌లో పెట్టి తీస్తే పనిచేస్తుందన్న చిట్కా ఇంకా తిరుగుతూనే ఉంది. లోపల తేమ పడితే రికవరీ వాళ్లకి మిగిలేది కూడా పోతుంది.

ఎక్స్‌టర్నల్ డిస్క్: ఎక్కువ ఇళ్లకి ఇదే సరి

పాత కంప్యూటర్ ఆన్ అవుతోంది, డిస్క్ నీలం చూపిస్తోంది అనుకుంటే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనమనే మా సలహా. కాపీ రెండుసార్లు జరగాలి, ముందు దాంట్లోకి, తర్వాత దాన్నుంచి. అయినా సరే ఇదే మేలు, ఎందుకంటే పని అయ్యాక ఆ డిస్క్‌లో ఒక పూర్తి ప్రతి మిగిలిపోతుంది. మిగతా దారుల్లో బ్యాకప్ కోసం మళ్లీ విడిగా కష్టపడాలి, ఆ విడి కష్టం ఎవరూ పడరు.

ఇక్కడ వేగాన్ని నిర్ణయించేది కొత్త డిస్క్ కాదు, పాత కంప్యూటర్ యూఎస్‌బీ పోర్టు. లోపల నీలం రంగు ప్లాస్టిక్ ఉంటే సాధారణంగా యూఎస్‌బీ 3.0. నలుపో తెలుపో అయితే 2.0 అనుకోవచ్చు. 2.0లో సెకనుకి 30, 35 ఎంబీ మించి రాదు, 300 జీబీకి రెండున్నర గంటలు. 3.0లో హార్డ్ డిస్క్‌కి 100 ఎంబీ దాకా వస్తుంది, అదే డేటా ముప్పావు గంట, గంటలో అయిపోతుంది. డెస్క్‌టాప్‌లో ముందువైపు పోర్టులు 2.0 అయి, వెనక మదర్‌బోర్డు దగ్గర మాత్రం నీలంవి ఉండటం మామూలే, వెనక్కి ఒకసారి చూడండి. పాతదాంట్లో 2.0 మాత్రమే ఉంటే ఈ పని కోసం ఎక్స్‌టర్నల్ ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని, చిప్పుల డిస్క్) కొనడం దండగ. డబ్బు ఎక్కువ, వేగం అంతే. పైగా బీరువాలో ఏళ్లపాటు కరెంటు లేకుండా పెట్టాల్సిన ప్రతికి హార్డ్ డిస్కే నయం.

చాలా పోర్టబుల్ హార్డ్ డిస్కుల్లో ట్రాకుల్ని పెంకుల్లా ఒకదానిమీద ఒకటి పేర్చి రాసే పద్ధతి ఉంటుంది. మొదట జోరుగా పోయి, కొంత రాశాక వేగం సగానికీ పావుకీ పడిపోతుంది. పాడైందనుకుని మధ్యలో పీకేయకండి, దాని తీరే అంత.

ఫార్మాట్ (డిస్క్‌లో ఫైళ్లు సర్దే పద్ధతి) సంగతి: రెండు వైపులా విండోసే అయితే ఎన్‌టీఎఫ్‌ఎస్ పెట్టండి. కాపీ మధ్యలో కరెంటు పోయినా తట్టుకోవడంలో ఎక్స్‌ఫ్యాట్ కన్నా ఇదే గట్టిది. కొత్తది మ్యాక్ అయితే ఎక్స్‌ఫ్యాట్, ఎందుకంటే మ్యాక్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌ని చదువుతుంది గానీ దాని మీద రాయదు. ఫ్యాట్32 వద్దు. 4 జీబీ ఫైలు దానికి పట్టదు, పెళ్లి వీడియో దగ్గరే ఆగిపోయి ఫైలు మరీ పెద్దదని అంటుంది. అప్పుడు డిస్క్‌లో ఎనిమిదొందల జీబీ ఖాళీ చూపిస్తుంటే మనకి అర్థం కాదు.

డిస్క్‌నే ఊడదీసి తగిలించడం

పాతది ఆన్ కావడం లేదు. లేదా ఆన్ అయినా విండోస్ ఎక్స్‌పీ ఉంది. లేదా డిస్క్ పసుపు చూపిస్తోంది, దాని మీద విండోస్ కూడా నడిపి అలసట పెంచడం ఇష్టం లేదు. ఈ మూడు సందర్భాల్లో ఇదే మంచి దారి. సాటా (డిస్క్‌ని మదర్‌బోర్డుకి కలిపే కనెక్షన్) నుంచి యూఎస్‌బీకి మార్చే అడాప్టర్ కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది.

కొనేటప్పుడు కొలత చూసుకోండి. ల్యాప్‌టాప్‌లో ఉండే రెండున్నర అంగుళాల డిస్క్‌కి యూఎస్‌బీ నుంచి వచ్చే 5 వోల్టులు చాలు. డెస్క్‌టాప్‌లోని మూడున్నర అంగుళాలదానికి 12 వోల్టులు కూడా కావాలి, అది యూఎస్‌బీ ఇవ్వదు. అందుకని గోడకి పెట్టే విడి పవర్ అడాప్టర్‌తో వచ్చేది తీసుకోవాలి. చిన్న కేబుల్ తెచ్చి పెద్ద డిస్క్‌కి పెడితే దీపం వెలుగుతుంది, డిస్క్ మాత్రం తిరగదు. డిస్క్ చచ్చిపోయిందనుకుని పారేసేది ఇక్కడే. వెడల్పాటి రిబ్బన్ కేబుల్, 40 పిన్నులు ఉంటే అది ఐడీఈ, దానికి వేరే అడాప్టర్ కావాలి. చూయింగ్ గమ్ బిళ్లలా ఉండే ఎం.2 ఎస్ఎస్‌డీ అయితే పిన్నుల మధ్య గాట్లు లెక్కపెట్టండి. ఒక గాటు ఉంటే సాధారణంగా ఎన్‌వీఎంఈ, రెండుంటే సాటా. రెండు రకాలూ పట్టే డబ్బా కొంటే ఈ బాధే లేదు.

కొత్తది కూడా డెస్క్‌టాప్ అయితే అడాప్టర్ అక్కర్లేదు. క్యాబినెట్ తెరిచి ఖాళీ సాటా పోర్టుకి నేరుగా తగిలించవచ్చు. తగిలించాక మొదటిసారి ఆన్ చేసినప్పుడు అది పాత విండోస్‌లోకి వెళ్లబోతే, బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగుల్లో) బూట్ వరస సరిచేయండి.

తగిలించాక మూడు రకాల అడ్డంకులు వస్తాయి. ఒకటి, పాత యూజర్ ఫోల్డర్ తెరవబోతే అనుమతి లేదంటుంది. కంటిన్యూ నొక్కితే పైన పచ్చగీత నెమ్మదిగా పాకుతుంది, వేల ఫైళ్లుంటే పదిహేను నిమిషాలైనా పట్టవచ్చు, ఆగండి. రెండు, విండోస్ డిస్క్‌ని ఫార్మాట్ చేయమంటావా అని అడిగితే ఎట్టి పరిస్థితిలోనూ ఒప్పుకోవద్దు. మూడోది ఈమధ్య ఎక్కువైంది: 48 అంకెల రికవరీ కీ అడగడం. అది బిట్‌లాకర్. విండోస్ 10, 11 ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవగానే మనకి చెప్పకుండానే ఎన్‌క్రిప్షన్ (డేటాకి వేసే తాళం) ఆన్ అవుతుంది. కీ ఆ అకౌంట్‌లోనే భద్రంగా ఉంటుంది, వెబ్‌లో లాగిన్ అయితే డివైస్ పేరు పక్కన కనిపిస్తుంది. సమస్యల్లా ఏమిటంటే, ఆ రోజుల్లో ల్యాప్‌టాప్ సెట్ చేసిన షాపు కుర్రాడు ఏ ఈమెయిల్ పెట్టాడో ఎవరికీ గుర్తుండదు. కంప్యూటర్ ఇంకా నడుస్తుంటే, ఊడదీయక ముందే సెట్టింగ్స్‌లో ఎన్‌క్రిప్షన్ ఆపేసి, అది పూర్తయ్యాకే తీయండి.

ఇంకో చిన్న జాగ్రత్త. విండోస్ 8 నుంచి షట్‌డౌన్ అంటే నిజంగా షట్‌డౌన్ కాదు, ఫాస్ట్ స్టార్టప్ వల్ల సగం నిద్రలో ఉంటుంది. డిస్క్ తీసే ముందు షిఫ్ట్ నొక్కిపట్టి షట్‌డౌన్ కొట్టండి.

ల్యాన్ కేబుల్: కొనాల్సింది ఏమీ లేదు, సెట్టింగులే తలనొప్పి

రెండూ నడుస్తున్నాయి, డేటా ఐదొందల జీబీ పైనే ఉంది, డబ్బు పెట్టడం ఇష్టం లేదు. అప్పుడు కేబుల్. గిగాబిట్ వేగం కుదిరితే సెకనుకి 110 ఎంబీ వస్తుంది, అదీ ఒకే విడతలో. కుదరకపోతే 11 ఎంబీ. మధ్యస్థం ఉండదు. కేబుల్‌లో ఎనిమిది తీగల్లో ఒక్కటి సరిగా తగలకపోయినా, రౌటర్ పోర్టు 100 ఎంబీపీఎస్‌దైనా, పాత మదర్‌బోర్డు అంతే ఇచ్చినా పదో వంతుకి పడిపోతుంది. కాపీ మొదలుపెట్టే ముందు నెట్‌వర్క్ వివరాల్లో లింక్ స్పీడ్ 1000 ఉందా 100 ఉందా చూడండి. 300 జీబీకి తేడా ముప్పావు గంటా, ఏడున్నర గంటలా అన్నంత.

రెండు కంప్యూటర్లకీ నేరుగా ఒకే కేబుల్ వేసినా పనిచేస్తుంది, పాతకాలం క్రాస్ కేబుల్ ఇప్పుడక్కర్లేదు. కానీ అలా వేస్తే విండోస్ దాన్ని గుర్తు తెలియని పబ్లిక్ నెట్‌వర్క్‌గా లెక్కేసి షేరింగ్ మూసేస్తుంది. రెండింటినీ రౌటర్‌కే తగిలించి, రెండింట్లోనూ నెట్‌వర్క్‌ని ప్రైవేట్ చేయడం తేలిక.

ఇక ఎక్కువమంది ఆగిపోయేది పాస్‌వర్డ్ దగ్గర. పాతదాంట్లో ఫోల్డర్ షేర్ చేస్తారు, కొత్తదాంట్లో అది కనిపిస్తుంది, తెరిస్తే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతుంది. రోజూ కొట్టే పిన్ ఇక్కడ చెల్లదు, అది ఆ కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు మాత్రమే. అసలు పాస్‌వర్డే లేని యూజర్‌ని కూడా విండోస్ నెట్‌వర్క్ మీదుగా రానివ్వదు. షేరింగ్‌లో పాస్‌వర్డ్ అవసరం తీసేస్తే సరిపోతుందన్న పాత చిట్కా విండోస్ 11 24హెచ్2 ప్రోలో పనిచేయదు, అతిథి ప్రవేశాన్ని అది మూసేసింది. కాబట్టి పాతదాంట్లో ఈ పని కోసమే ఒక లోకల్ యూజర్‌ని సృష్టించి దానికి పాస్‌వర్డ్ పెట్టండి. నెట్‌వర్క్ జాబితాలో పాతది కనిపించకపోతే, ఫోల్డర్ విండో పైనున్న అడ్రస్ గడిలో రెండు బ్యాక్‌స్లాష్‌లు కొట్టి దాని ఐపీ అంకెలు రాయండి. విండోస్ 7 అయితే ఇలా సాధారణంగా కలుస్తుంది. ఎక్స్‌పీ కలవదు, దానికి తెలిసిన, ఫైళ్లు పంచుకునే పాత ఎస్‌ఎంబీ 1 పద్ధతిని కొత్త విండోస్‌లు ఆపేశాయి. దాన్ని బలవంతాన ఆన్ చేయడం కన్నా డిస్క్ ఊడదీయడమే మేలు.

రెండు వైపులా యూఎస్‌బీ పిన్నులుండే మామూలు కేబుల్‌తో రెండు కంప్యూటర్లని కలపొచ్చని కొందరు అమ్మేస్తుంటారు. మధ్యలో చిప్ ఉన్న ట్రాన్స్‌ఫర్ కేబుల్ వేరు, ఇది వేరు. మామూలుదానితో ఫైలు కదలదు సరికదా రెండు పోర్టుల కరెంటూ ఎదురెదురుగా తగులుతుంది.

వైఫై, పెన్‌డ్రైవ్, క్లౌడ్

పది, ఇరవై జీబీ అయితే వైఫై చాలు. రెండింట్లోనూ లోకల్‌సెండ్ అనే ఉచిత ప్రోగ్రాం వేసుకుంటే షేరింగ్ సెట్టింగుల గొడవ లేకుండా పోతుంది. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో సెకనుకి నాలుగైదు ఎంబీ కన్నా ఎక్కువ ఆశించకండి. 300 జీబీ అంటే దాదాపు ఒక రోజు.

పెన్‌డ్రైవ్ చిన్న పనికే. చవకవి మొదటి ఒకటి రెండు జీబీ చకచకా రాసి తర్వాత సెకనుకి 10, 15 ఎంబీకి దిగుతాయి. ఐదొందలకే 2 టీబీ అన్న పెన్‌డ్రైవ్ నకిలీ. లోపల ఉండేది 32 జీబీయో 64 జీబీయో. అది నిండాక కూడా కాపీ సాఫీగానే సాగుతున్నట్టు చూపిస్తుంది, కొత్తదాంట్లో తెరిస్తే ఫొటోలు సగం బూడిద రంగులో వస్తాయి. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ప్రోగ్రాంతో అసలు ఎంత పడుతుందో పరీక్షించకుండా కొత్త పెన్‌డ్రైవ్‌ని నమ్మొద్దు.

క్లౌడ్‌లో ఉచితంగా వచ్చేది గూగుల్‌లో 15 జీబీ, అదీ జీమెయిల్, ఫొటోలతో పంచుకోవాలి. వన్‌డ్రైవ్‌లో 5 జీబీ. అప్‌లోడ్ 40 ఎంబీపీఎస్ ఉన్న కనెక్షన్ అంటే సెకనుకి 5 ఎంబీ, 300 జీబీ ఎక్కించడానికే 16 గంటల పైమాట. కాగితాల స్కాన్లు, సర్టిఫికెట్లు, రోజూ వాడే ఎక్సెల్ ఫైళ్లు క్లౌడ్‌లో పెట్టుకోండి. వీడియోలకి ఇది దారి కాదు.

కాపీ కొట్టేటప్పుడు

ఏ దారైనా సరే కట్ చేయకండి, కాపీయే చేయండి. రెండింట్లోనూ స్లీప్ ఆపేయండి. డెస్క్‌టాప్‌ని యూపీఎస్ మీద పెట్టండి, ఎండాకాలం మధ్యాహ్నం మొదలుపెట్టకండి.

వేగం సెకనుకి 100 ఎంబీ ఉండి ఉన్నట్టుండి 800 కేబీకి పడిపోతే అది లోపం కాదు, చిన్న ఫైళ్ల ఫోల్డర్‌లోకి అడుగుపెట్టింది. ఒక 4 జీబీ వీడియో ఒక్క ఫైలు. అదే 4 జీబీ 50,000 చిన్న ఫైళ్లయితే ప్రతిదానికీ డిస్క్‌లో కొత్త పద్దు రాయాలి, యాంటీవైరస్ ఒక్కోదాన్నీ తడిమి చూడాలి. అలాంటి ఫోల్డర్లని 7-జిప్‌తో ఒకే ఫైలుగా కట్టి, ఆ మూట నేరుగా ఎక్స్‌టర్నల్‌లోకే రాయించండి. విండోస్ 7లో ఉన్న సొంత జిప్ తెలుగు పేర్లున్న ఫైళ్లని ఒప్పుకోదు.

తెలుగు పేర్ల సంగతి ఇంకొకటి ఉంది. ఫోల్డర్ దారి మొత్తం కలిపి 260 గుర్తులు దాటితే విండోస్ ఎక్స్‌ప్లోరర్ మొండికేస్తుంది. మన కంటికి ఒక్క అక్షరంగా కనిపించే ‘శ్రీ’ దాని లెక్కలో నాలుగు: శ, పొల్లు, ర, దీర్ఘం. డెస్క్‌టాప్‌లో పాత డెస్క్‌టాప్, దాంట్లో ఇంకా పాత డెస్క్‌టాప్ పెట్టుకుంటూ వచ్చిన కంప్యూటర్లలో తెలుగు పేర్లున్న ఫైళ్లే ముందు ఆగిపోతాయి. పై ఫోల్డర్ల పేర్లు ఒక్కో అక్షరానికి కుదిస్తే దారి తెరుచుకుంటుంది.

వంద జీబీ దాటితే విండోస్‌లోనే ఉన్న రోబోకాపీ (కమాండ్ ప్రాంప్ట్‌లో ఆదేశం కొట్టి నడిపేది) వాడటం నేర్చుకోండి. మధ్యలో ఆగినా మళ్లీ అదే ఆదేశం ఇస్తే అయిపోయినవాటిని వదిలి మిగతావి పట్టుకుంటుంది, పొడుగు దారులకి జంకదు. ఫోన్లో చెప్పినట్టు చెబితే: రోబోకాపీ, ఎక్కణ్నుంచి, ఎక్కడికి, ఆ తర్వాత స్లాష్ ఇ, స్లాష్ ఎక్స్‌జే, స్లాష్ ఆర్ కోలన్ 1, స్లాష్ డబ్ల్యూ కోలన్ 1. ఆఖరి రెండూ మరవొద్దు. అవి లేకపోతే చదవలేని ఒక్క ఫైలు కోసం 30 సెకన్లకోసారి చొప్పున పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది, లెక్కేస్తే 347 రోజులు. ఎక్స్‌జే లేకపోతే యాప్‌డేటాలో (ప్రోగ్రాములు తమ సెట్టింగులు దాచుకునే ఫోల్డర్) అదే ఫోల్డర్ తనలోకి తాను తిరిగే సుడిలో పడుతుంది. డ్రైవ్ మొత్తాన్ని ఒక ఫోల్డర్‌లోకి కాపీ చేస్తే ఆ ఫోల్డర్ కొన్నిసార్లు కనిపించకుండా దాక్కుంటుంది. డేటా ఎక్కడికీ పోలేదు, దానికి హిడెన్, సిస్టం గుర్తులు అంటుకున్నాయంతే. స్లాష్ ఎంఐఆర్ జోలికి మాత్రం పోకండి, ఎక్కణ్నుంచి కాపీ చేస్తున్నామో అక్కడ లేనివాటిని చేరే చోట చెరిపేస్తుంది.

ఎవరికీ గుర్తురానివి

వన్‌డ్రైవ్ ఆన్‌లో ఉన్న కంప్యూటర్‌లో కొన్ని ఫైళ్ల పక్కన మేఘం గుర్తు ఉంటుంది. అవి డిస్క్‌లో లేవు, పేరు మాత్రమే ఉంది. డిస్క్ ఊడదీసి తెచ్చుకుంటే అవి తెరుచుకోవు. ముందే ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, ఎప్పుడూ ఈ కంప్యూటర్‌లోనే ఉంచమని చెప్పండి.

పత్రికలు, శుభలేఖలు, కరపత్రాల పని చేసిన ఇళ్లలో అను ఫాంట్లతో కొట్టిన పేజ్‌మేకర్, వర్డ్ ఫైళ్లుంటాయి. ఫైలు తెచ్చి ఫాంటు తేకపోతే తెలుగంతా ఇంగ్లిష్ అక్షరాల చెత్తలా కనిపిస్తుంది. విండోస్ లోపలి ఫాంట్స్ ఫోల్డర్ నుంచి అవి కూడా కాపీ చేయండి.

ట్యాలీకి డేటా ఫోల్డర్ తెస్తే లెక్కలు వస్తాయి, లైసెన్స్ రాదు. పాతదాంట్లో సరెండర్ చేశాకే కొత్తదాంట్లో యాక్టివేట్ చేయాలి, పాతది చెడిపోకముందే ఆ పని చూడండి. అవుట్‌లుక్ వాడేవాళ్లు మెయిళ్లు దాచిన పీఎస్‌టీ ఫైలు వెతికి తీసుకోవాలి. ఓఎస్‌టీ అవసరం లేదు, సర్వర్ నుంచి మళ్లీ అదే తయారవుతుంది. క్రోమ్ ఫోల్డర్‌ని యథాతథంగా తెచ్చినా పాస్‌వర్డులు రావు, అవి పాత విండోస్ యూజర్ తాళంతో ముడిపడి ఉంటాయి. సింక్ చేయండి, లేదా ఎక్స్‌పోర్ట్ చేసి, పనయ్యాక ఆ ఫైలు చెరిపేయండి, దాంట్లో అన్నీ మామూలు అక్షరాల్లోనే ఉంటాయి. ప్రోగ్రాం ఫైల్స్ ఫోల్డర్ తేవడం వృథా, ప్రోగ్రాములు మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకోవాల్సిందే.

వాట్సాప్‌లో వచ్చిన ఫొటోల్లో కెమెరా తేదీ ఉండదు. ఫైలు పేరులోని అంకెలే వాటికి ఆధారం కాబట్టి ఫోల్డర్ సర్దుతూ పేర్లు మార్చేయకండి.

అయ్యాక రెండు వైపులా ప్రాపర్టీస్ తెరిచి ఫైళ్ల సంఖ్య, బైట్లు పోల్చండి. సైజ్ ఆన్ డిస్క్ అనే రెండో అంకె కలవకపోయినా ఫరవాలేదు, అది ఫార్మాట్‌ని బట్టి మారుతుంది. తర్వాత ప్రతి ఫోల్డర్‌లోనూ ఆఖరి ఫైలు తెరవండి, మొదటిది కాదు. వీడియో అయితే చివరి నిమిషానికి లాగి చూడండి.

పాతదాన్ని ఒక నెల అలాగే ఉంచండి, ఏదో ఒకటి మరిచిపోయి ఉంటారు. నెల తర్వాత అమ్మేటట్టయితే విండోస్ రీసెట్‌లో అన్నీ తొలగించి డ్రైవ్ శుభ్రం చేసే వరస ఎంచుకోండి, పెద్ద హార్డ్ డిస్క్‌కి కొన్ని గంటలు పడుతుంది. కంప్యూటర్ ఆన్ కాని స్థితిలో ఉంటే పాత సామాన్ల బండికి వేసే ముందు పక్క మూత నాలుగు స్క్రూలు తిప్పి డిస్క్ ఇంట్లోనే ఉంచుకోండి.